ఇల్లందు పిల్లలకు పౌరనీతి

ఖమ్మమునుండి బస్సెక్కి యుత్తరముగా పోవునప్పుడు పత్తిచేలును మిరపతోటలును కొంతదూరము వెంటవచ్చి క్రమముగా సన్నగిల్లును. పిమ్మట ఇప్పచెట్లు, తునికిచెట్లు, టేకువనములు కానవచ్చును. ఆ యడవియంచున, బొగ్గుపొడి పట్టిన బాటల నడుమ ఇల్లందు పట్టణమున్నది. భద్రాద్రిరాముని దర్శనమునకై పోవు యాత్రికులొకనాడిచ్చట నల్లరాళ్లతో పొయ్యి పెట్టి వంట చేసికొనుచుండగా ఆ పొయ్యిరాళ్లే మండసాగినవని ముసలివారిప్పటికిని చెప్పుదురు. కథ యెట్లున్నను, 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రవేత్త యీ ప్రాంతమున బొగ్గున్నట్లు కనుగొనెను. 1886లో ఇంగ్లండునందేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వు హక్కులు పొందెను. 1889లో బొగ్గు త్రవ్వకము మొదలయ్యెను. చెంతనున్న సింగరేణి యను చిన్నగ్రామము పేరే నేడు గోదావరిలోయలో పెక్కు జిల్లాల వ్యాపించిన సంస్థకు పేరైనది.

బొగ్గుతో కార్మికులు వచ్చిరి. కార్మికులతో బడులు వచ్చినవి. అందుచే నిచ్చటి బడిలో ఒకే బల్లపై కూర్చుండు పిల్లలు నలుగురు నాలుగు లోకములనుండి వచ్చినవారు. ఒకడు గనిలో పనిచేసి విరమించిన తాతగారి మనుమడు. ఒకతె కోయగూడెమునుండి వచ్చిన పిల్ల. వేరొకడు లంబాడి తండావాడు. ఇంటికి పోగానే తల్లిని యాడీ యని పిలుచును. నాలుగవయామె బజారులో కిరాణాకొట్టువారి యమ్మాయి. వీరికి సాంఘికశాస్త్రము చెప్పుచు నా యుద్యోగజీవితము గడచినది. విరమించిన పిదప గూడ తోటియుపాధ్యాయినులు పిలిచినప్పుడు పోయి ఒక పూట కూర్చుండి వచ్చుచుందును. ఆరవతరగతి మొదలు తొమ్మిదవతరగతి వరకు గల పిల్లలకు, అనగా పదునొకండు మొదలు పదునాలుగేండ్ల ప్రాయము వారికి, పౌరనీతి యెట్లు చెప్పవలెనో నాకు తెలిసినంత సోదరీమణులకు విన్నవించుటకీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇందు నేను గెలిచిన సందర్భములకంటె ఓడిన సందర్భములే హెచ్చుగా కనబడిన మన్నింపుడు.

చెప్పుటకు పౌరనీతియంత సులభమైన పాఠము లేదు. గ్రామపంచాయతీ యన నేమి, శాసనసభ యన నేమి, హక్కులెన్ని, విధులెన్ని యని వ్రాయించి యొప్పజెప్పించుకొనిన చాలును; నూటికి తొంబది మార్కులు వచ్చును. పరాయిపాలనలో నీ విషయము మన బడులకు వచ్చినప్పుడు దాని యుద్దేశ్యమును అంతకు మించినది కాదు. ప్రజలలో రాజభక్తి సడలుచున్నదని భయపడిన ప్రభుత్వము విధేయత నేర్పుటకై యీ పాఠమును పెట్టినదని 2005లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము స్పష్టముగా చెప్పినది. తరువాత 2012 మొదలుగా మన తెలుగునాట వచ్చిన క్రొత్త సాంఘికశాస్త్రపుస్తకములలో చరిత్ర, భూగోళము, పౌరనీతి యను గోడలు తీసివేసి, రాజకీయవ్యవస్థలు, సామాజికాసమానతలు, జీవనాధారములు మున్నగు నితివృత్తములుగా కూర్చిరి. ఆరవతరగతి పుస్తకమున పెనుగోలు అను కొండరెడ్ల గ్రామమును గూర్చిన పాఠము చేర్చిరి. ఆ పెనుగోలు అప్పటి ఖమ్మము జిల్లాలోనిదే. మా కోయపిల్లలా పాఠము వచ్చినప్పుడు పుస్తకమును దగ్గరగా తీసికొని బొమ్మలు చూచిన చూపు నేనెన్నటికిని మఱవలేను. తమవంటి వారి బ్రదుకు అచ్చులో నుండుట వారికదే మొదలు.

పుస్తకము మారినను ప్రశ్న మారలేదు. సర్పంచి విధులు నాలుగు వ్రాయుమనియే పరీక్షలో నడుగుదురు. పిల్లలు నాలుగును వ్రాయుదురు.

ఇట్లుండగా 2025లో, వానలు మొదలైన దినములలో, ఏడవతరగతిలో ఒక తండా బాలుడు లేచి, “టీచర్, మా ఊళ్లో సర్పంచే లేడుగా! మరి ఈ పనులన్నీ ఎవరు చేస్తారు?” అని యడిగెను. తరగతి గొల్లున నవ్వినది. ఆ దినము పాఠము చెప్పుచున్న యువతి నా వంక చూచినది. నిజమే, వానియూరనే కాదు, రాష్ట్రమంతటను నాడు సర్పంచులు లేరు. 2019లో నెన్నికైన వారి గడువు 2024 జనవరితో తీరినది. ఫిబ్రవరి మొదలు ప్రత్యేకాధికారుల పాలన నడచినది. మరల నెన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరుగువరకు దాదాపు రెండేండ్లపాటు పన్నెండువేలకు పైబడిన పంచాయతీలలో ప్రజలెన్నుకొన్న పెద్ద లేకుండెను. ఆ రెండేండ్లును మా పిల్లలు సర్పంచి విధులను వల్లించుచునే యుండిరి.

ఆ యువతి మంచిపని చేసినది. బాలుని కూర్చుండబెట్టక, “సరే, ఎవరు చేయుచున్నారో నీవే కనుగొని రమ్ము” అని చెప్పినది. మఱునాటికి ముగ్గురు పిల్లలు పంచాయతీ కార్యాలయమునకు పోయి కార్యదర్శిని చూచి వచ్చిరి. వీథిదీపములు వెలుగకున్న నెవరికి చెప్పవలెను, ఇంటిపన్ను రసీదుపై నెవరు సంతకము చేయుదురు, ప్రత్యేకాధికారి యూరికెన్నిసారులు వచ్చును అను మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొని తెచ్చిరి. మూడవదానికి కార్యదర్శి నవ్వి యూరకుండెనని వ్రాసికొని వచ్చిరి. అదియు నొక జవాబే యని తరగతి ఒప్పుకొన్నది.

ఆ తండాకు పంచాయతీ యెప్పుడు వచ్చినదో కూడ వారే త్రవ్వి తీసిరి. 2018 నాటి చట్టముతో ఐదువందలకు మించి జనసంఖ్య గల తండాలును గూడెములును ప్రత్యేక పంచాయతీలైనవి. అంతకుముందు ప్రక్కయూరి పంచాయతీలో నది యొక మూల. అంతకుముందో, నాయక్, కార్భారి యను పెద్దలు చెట్టుక్రింద కూర్చుండి తగవులు తీర్చెడివారు. “అప్పుడు ఆడవాళ్లు కూర్చునేవాళ్లా?” అని యొక బాలిక యడిగినది. ఇంటికి పోయి అవ్వనడిగి రమ్మంటిమి. వెనుక నిలుచుండి వినెడివారమే గాని ముందుకు వచ్చి మాటాడుట యరుదని యవ్వ చెప్పినదట. ఇప్పుడు చట్టప్రకారము పంచాయతీ పదవులలో సగము స్త్రీలవి. షెడ్యూలు ప్రాంతమగుటచే సర్పంచి పదవి గిరిజనులదే. ఆ యవ్వ నోటిమాటకును ఈ చట్టపుమాటకును నడుమనున్న దూరమును తెలిసికొనుటకంటె మంచి పౌరనీతిపాఠము నాకు తెలియదు. ఏ పుస్తకమును దానిని వ్రాసి యీయజాలదు; ఏలనన ప్రతియింటి యవ్వ వేఱు.

ఇచ్చట మాట వచ్చినది గనుక మన భాషను గూర్చి చిన్నముచ్చట. పుస్తకమంతటను ‘ప్రతి పౌరుడు’ అనియే యుండును. పౌరుడు ఓటు వేయును, పౌరుడు పన్ను కట్టును, పౌరుడు ప్రశ్నించును. ఎనిమిదవతరగతి బాలిక యొకతె, “మరి మేమెవరం టీచర్?” అని యడిగినప్పుడు నేను వ్యాకరణము చెప్పి తప్పించుకొంటిని. పుంలింగముచే నిద్దఱిని గ్రహింపవలెనంటిని. ఆ పిల్ల తల యూపినదే గాని నమ్మలేదు. రాష్ట్రపతి యనుమాటలో పతియున్నను, 2022లో ఆదివాసికుటుంబమున పుట్టిన ద్రౌపదీ ముర్ముగారు ఆ పదవి నలంకరించినప్పుడు, అదే పిల్ల వార్తాపత్రికలోని బొమ్మను కత్తిరించి తెచ్చి నా బల్లమీద పెట్టినది. మాటయేమియు నాడలేదు.

మాటలలోని యీ యెచ్చుతగ్గులు చేతలలోను కలవు. పలుబడులలో విద్యార్థి మంత్రివర్గమను వేడుక జరుపుదురు. చీటీలు వేసి ప్రధానమంత్రినెన్నుకొందురు. నేను చూచిన చోట్ల తఱచుగా ప్రధాని బాలుడు, క్రీడామంత్రి బాలుడు, పారిశుద్ధ్యమంత్రి బాలిక. అనగా చీపురు. ఒకయేడు ఒక బడిలో ఎన్నికైన యా చిన్నమంత్రిణి నెలరోజులు తరగతులు ఊడ్చి, నెల తిరుగగానే రాజీనామాపత్రము వ్రాసి యిచ్చినది. కారణమను చోట, మంత్రి పని చూడవలెను గాని తానే ఊడ్వవలెనని పుస్తకములో లేదని వ్రాసినది. చదివి నవ్వుకొంటిమి, నవ్విన పిమ్మట సిగ్గుపడితిమి. అటుపిమ్మట ఊడ్చుటకు వంతులు పెట్టి ప్రధానమంత్రితో మొదలిడితిమి. రాజస్థానమున తిలోనియాలో పగలు మేకలు కాచుకొను పిల్లలకై నడపిన రాత్రిబడులలో పిల్లలే పార్లమెంటు నెన్నుకొని, బడికి దీపము లేకున్న, ఉపాధ్యాయుడు రాకున్న పెద్దలనడిగెడివారు. ఆ పార్లమెంటులో బాలికలు ప్రధానులైరి. అందలి గొప్ప చీటీలు వేయుటలో లేదు. పిల్లలడిగిన దానికి పెద్దలు జవాబు చెప్పుటలో నున్నది.

ఇక నేను చేసిన పొరపాటును చెప్పవలెను. 2023 వేసవి ముగియగానే మా ప్రాంతమున పోడుపట్టాల పంపిణీ జరిగినది. అటవీహక్కుల చట్టము 2006లో వచ్చినది. 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి అడవిభూమిని సాగుచేసికొను గిరిజనులకు దాని ప్రకారము హక్కుపత్రము దొరకును. ఆ పత్రము భార్యాభర్తలిద్దఱిపేర నుండవలెనని చట్టమే చెప్పుచున్నది. ఈ సంగతి మన యాడువారిలో నెందఱెఱుగుదురు? పత్రము ట్రంకుపెట్టెలో నుండును. తాళము మగనిచేతిలో నుండును. పిల్లలద్వారా తల్లులకీ మాట చేర్పవలెనని నాకు గొప్ప యుత్సాహము కలిగినది. ఏడవతరగతి వారిని పిలిచి, ఇంటనున్న పట్టాకాగితము చూచి, దానిపై నెవరెవరి పేర్లున్నవో వ్రాసికొని రండని చెప్పితిని.

మఱునాడు పదునైదుగురు వ్రాసికొని వచ్చిరి. వారిలో నలువురు తల్లులు తమ పేరు పట్టాలో నున్నదని నాటిరాత్రియే మొదటిసారి తెలిసికొనిరట. ఒక తల్లి చదువు రానిదయ్యు తన పేరున్నచోట వ్రేలు పెట్టి చూపించుమని కొడుకునడిగి, ఆచోటనే మరల మరల తడవి చూచినదట. నేను పొంగిపోతిని. అంతలో వెనుకబల్లమీద ఒక కోయపిల్ల లేచి నిలువబడినది. పుస్తకము తెల్లగా నున్నది. వారికి పట్టా రాలేదు. దరఖాస్తు పెట్టిరి, జవాబు లేదు. నేను మాట కూర్చుకొనులోపలనే ముందుబల్లనుండి యొక బాలుడు, “మీది దొంగపోడు” అని యరచినాడు. కొందఱు నవ్విరి. ఆ పిల్ల యేడువలేదు. కూర్చుండి తెల్లకాగితమును చింపి నాలుగుమడతలు చేసినది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పౌరనీతి యను పేర నేనొక బిడ్డయింటి లేమిని నలువదిమంది ముందు పఱపితిని. ఇంటిసంగతులు బడికి తెచ్చుట యెంత మంచిదో యంత ప్రమాదము. ఎవరియింట నేమి లేదో ముందెఱుగక యట్టి పని పెట్టరాదు. పెట్టినను ఇష్టమున్నవారే చెప్పునట్లు పెట్టవలెను. క్రొత్తగా వచ్చు ఉపాధ్యాయినులకు నేనిచ్చు మొదటి హెచ్చరిక యిదే.

ఆ బాలుని క్షమాపణ చెప్పుమని నేను బలవంతపెట్టలేదు. బలవంతపు క్షమాపణ పెదవులకే గాని మనసుకు పని పెట్టదు. మఱునాడు బల్లమీద చట్టపుమాటలు సులభమైన తెలుగులో వ్రాసితిని. దరఖాస్తును మొదట గ్రామసభ పరిశీలించును. ఆ సభకు యోగ్యత రావలెనన్న ఊరిపెద్దవారిలో సగమైనను రావలెను. వచ్చిన వారిలో మూడవవంతుకు తక్కువగాక స్త్రీలుండవలెను. అనగా ఆడువారింట కూర్చున్నచో సభయే సాగదు. గ్రామసభ తీర్మానము తమకు వ్యతిరేకమైన నఱువదిదినములలో పైసంఘమునకు విన్నవించుకొనవచ్చును. అచ్చటను న్యాయము జరుగలేదన్న జిల్లాసంఘమునకు పోవచ్చును. ఇది వ్రాసి, “ఇప్పుడు చెప్పుడు. దరఖాస్తుకు జవాబు రాకున్న తప్పెవరిది?” అని యడిగితిని. చాలసేపు మౌనము. ఆ బాలుడే మెల్లగా, “జవాబియ్యనోళ్లది” అనెను. తాను నిన్న ఆడినమాటను వాడు తలచెనో లేదో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నము భోజనమునకు వరుసలో నిలుచున్నప్పుడు వాడు తన పళ్లెమును ముందు ఆ పిల్లకిచ్చెను. ఆమె పుచ్చుకొనలేదు. తన పళ్లెము తనకున్నదని చూపినది. మంచిపని చేసినదని నాకు తోచినది.

ఆ పిల్ల తండ్రికి పట్టా వచ్చినదా యని మీరడుగవచ్చును. నేను విరమించునాటికి రాలేదు. దరఖాస్తు నకలును, పెట్టిన తేదీని, ఎవరికిచ్చిరో వారి హోదాను ఆ పిల్ల తన నోటుపుస్తకము చివరిపుటలో వ్రాసికొని యుంచినది. అంతవరకే నేను చెప్పగలను.

తల్లులకు చెప్పవలసిన మాట యింకొకటి యున్నది. ఇది నాకు చెప్పుకొనుటకు సిగ్గైనది. 2025 డిసెంబరులో పంచాయతీ యెన్నికలు వచ్చినవి. చాలదినముల తరువాత వచ్చిన యెన్నికలగుటచే ఊళ్లు తిరునాళ్లవలె నుండెను. మా బంధువులున్న యూరిలో ఒక రాత్రి నేనుండగా, పొరుగింటామె ఎనిమిదవతరగతి చదువు తన కొడుకును చేయిపట్టుకొని యీడ్చుకొని వచ్చినది. “టీచరమ్మా, వీడికి మీ బళ్లో ఏం నేర్పుతున్నారు? నన్ను దొంగ అంటున్నాడు” అని యామె కన్నీళ్లతో నన్నడిగినది. విషయమేమనగా, ఓటునకు పంచిన డబ్బు ఆ యింటికిని వచ్చినది. ఇచ్చినవారే కాదు, పుచ్చుకొన్నవారును నేరస్థులే యని, ఏడాదివరకు జైలుశిక్ష యున్నదని బడిలో చెప్పిరి. పిల్లవాడింటికి వచ్చి తల్లినడిగెను. ఆమె చెంపదెబ్బ కొట్టినది.

నేనేమి చెప్పుదును? చట్టము పిల్లవాని పక్షమున నున్నది. కాని నా యింటిలో నొక స్టీలుబిందె యున్నది. ఎన్నో యేండ్లక్రింద నొక యెన్నికలో రాత్రివేళ గడపముందెవరో పెట్టిపోయిన బిందె. ఎవరు పెట్టిరో తెలియదని నాకు నేను చెప్పుకొంటిని, తెలియకేమి, తెలియును. తిరిగి యిచ్చుటకు మొగమాటపడితిని. ఆ బిందెలోని నీళ్లు త్రాగి బడికి పోయి పౌరనీతి చెప్పితిని. ఆ సంగతియే పిల్లవాని యెదుట ఆమెకు చెప్పితిని. ఆమె యేడ్పు మాని నన్ను వింతగా చూచినది. పిల్లవాడును చూచెను. నా గౌరవము వానిదృష్టిలో నొక మెట్టు దిగియుండును, దిగవలసినదే.

కొంతసేపటికామె కొడుకుతో, “తీసుకున్నాను, తప్పే. ఇంట్లో ఖర్చుకు లేక తీసుకున్నాను. ఓటు మాత్రం నాకు నచ్చినోళ్లకే వేస్తా, ఎవరికేశానో నీకు కూడా చెప్పను” అన్నది. పిల్లవాడు, “చెప్పక్కర్లేదమ్మా, అది రహస్యమే” అనెను. ఈ జవాబుతో చట్టము తృప్తిపడదు. నేనును తృప్తిపడలేదు. కాని బిడ్డనడిగిన ప్రశ్నకు తల్లి అబద్ధము చెప్పక జవాబిచ్చుట ఆ యింట నదే మొదలని నా నమ్మకము. పిల్లలకు నీతిపద్యములు కంఠస్థము చేయించుటకంటె నిది కష్టము. పద్యమునకు మనము జవాబుదారులము కాము. మన నడతకు మాత్రము కావలెను.

రహస్యపు ఓటు విషయమున నిల్లందు పిల్లలకొక సౌకర్యమున్నది. సింగరేణిలో కార్మికసంఘపు గుర్తింపునకు రహస్య బ్యాలెటుపద్ధతి నెన్నికలు 1998లో మొదలైనవి. తాతలు, తండ్రులు షిఫ్టు దిగి వరుసలో నిలుచుండి ఓటు వేసి వచ్చుట వారు కన్నులార చూచినది. పై యధికారియు, సంఘనాయకుడును, తోటికూలియు తన ఓటు నెఱుగకుండుటయే బీదవానికి కోట యని పుస్తకములో చదివిన దానికంటె తాతనోట వినిన పిల్లవానికి గట్టిగా నిలుచును. ఇటువంటి తాతలను బడికి పిలిచి యొకగంట మాటాడింపుడని నేను ఉపాధ్యాయులను వేడుకొందును. ఇంగ్లండులో 2002నుండి పదునొకండేండ్ల ప్రాయము మొదలు పిల్లలకు పౌరవిద్య తప్పనిసరి పాఠముగా చేసిరి. మనకు పాఠము మొదటినుండియు నున్నది. మనకు తక్కువైనది తాత.

తల్లులకు కూడ నిందు చోటున్నది. 2009 నాటి విద్యాహక్కుచట్టము బడికి యాజమాన్యసంఘము నేర్పఱచి, అందు ముప్పాతికవంతు తల్లిదండ్రులుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలుండవలెననియు విధించినది. 2024లో తెలంగాణమున అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను పేర పొదుపుసంఘముల స్త్రీలకు బడిపనులు నప్పగించిరి. గ్రామసమాఖ్య యధ్యక్షురాలే దానికి పెద్ద, ప్రధానోపాధ్యాయులు కన్వీనరు. త్రాగునీరు, మరుగుదొడ్లు, చిన్నమరమ్మతులు వారి పర్యవేక్షణలో జరుగవలెను. పిల్లల దుస్తులను సంఘపు స్త్రీలే కుట్టుదురు. 1934లో ఖమ్మమున ఆంధ్రమహాసభతో పాటు యెల్లాప్రగడ సీతాకుమారిగారి యధ్యక్షతన మహిళాసభ జరిగినది. ఉర్దూ రాజభాషగా నున్న నాటి నిజాంరాజ్యమున తెలుగుస్త్రీలు సభచేయుటయే యొక సాహసము. వారి మనుమరాండ్రీనాడు బడిలెక్క చూచు నధికారము పొందిరి. అధికారము కాగితముమీద నున్నది. దానిని కుర్చీలోనికి తెచ్చుకొనవలసినది వీరే.

కడచినయేడొక బడిలో నట్టి కమిటీ సమావేశమునకు పోయితిని. ఎనమండుగురు స్త్రీలు వచ్చిరి. ఆరుగురు సంతకము చేసి యింటికి పోవుటకు తొందరపడుచుండిరి. పొయ్యిమీద నెసరు, ఇంటిలో పసిపాప. ఒకయామె మాత్రము బిల్లుకాగితమును చేతపట్టుకొని కూర్చుండెను. ఏడవతరగతి వరకే చదివినదట. వ్రేలితో వరుసవెంబడి చదువుచు, “సార్, నల్లాలు నాలుగు అని రాశారు. నాకు మూడే కనబడుతున్నాయి” అన్నది. ప్రధానోపాధ్యాయుడు కోపగించుకొనలేదు. లేచి, “రండమ్మా, లెక్కపెడదాం” అనెను. కిటికీకి వ్రేలాడుచున్న పిల్లలందఱు వారివెంట బయలుదేరిరి. వారిలో నామె కూతురును ఉన్నది. మొదటి నల్లా చేతులు కడుగుకొను తొట్టివద్ద. రెండవది దాని ప్రక్కన. మూడవది మరుగుదొడ్లవద్ద. నాలుగవది కనబడలేదు. అప్పుడా కూతురు వంటశాల వెనుకకు పరుగెత్తిపోయి, “అమ్మా, ఇక్కడుంది! కానీ తిప్పితే నీళ్లు రావట్లేదు” అని కేక వేసినది. తల్లి లోపలికి తిరిగి వచ్చి, బిల్లుమీద నాలుగు అను అంకె ప్రక్కన, నీళ్లు మూడింటికే వచ్చుచున్నవని వ్రాసి, దానిక్రింద సంతకము చేసినది.